కూడంకుళం సంగతి మనకు ముందే చెప్పాల్సిందా?

గోదావరి గట్టు: కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ (కంప్యూటర్‌కు హాని చేసే ప్రోగ్రామ్) ఉందని 2019 సెప్టెంబరు 4నే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. బయట గొడవ మొదలయ్యాక, అక్టోబరు 29న అక్కడి అధికారులు అదంతా తప్పుడు ప్రచారమన్నారు. మరునాడే అణువిద్యుత్ సంస్థ నిజమేనని ఒప్పుకుంది. ఎనిమిది వారాలు మన దగ్గర దాచడం న్యాయమా?

పాత ఆపరేటర్: 29 నాటి ప్రకటన మళ్లీ చదవండి. నియంత్రణ వ్యవస్థపై దాడి సాధ్యం కాదని ఉంది. మాల్‌వేర్ దొరికింది ఆఫీసు పనుల కంప్యూటర్‌లో. ఆ రెండు నెట్‌వర్కులూ వేరు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

గోదావరి గట్టు: ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలూ ఇంటర్నెట్‌కు దూరంగానే ఉన్నాయి. అయినా స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ వాటిని చేరింది.

పాత ఆపరేటర్: నతాంజ్ గురించి నేను అడగలేదు. ఏ వాక్యం అబద్ధమో చూపించండి.

సీలేరు: 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో హ్యాకర్లు కరెంటు ఆపేస్తే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో స్విచ్‌లు వేసి కొన్ని గంటల్లో తెచ్చారు. మన దగ్గర అలా చేయగలవాళ్లు ఎంతమంది మిగిలారు?

వానచినుకు: మా నాన్నను చేర్చిన ఆసుపత్రిలో నాలుగు రోజులు ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్నారు. స్కాన్ రిపోర్టు రాలేదు, ఆపరేషన్ వాయిదా పడింది. కారణం రాన్సమ్‌వేర్ అని, అంటే డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే మాల్‌వేర్ అని, నెల తరువాత తెలిసింది. మొదటి రోజే చెప్పి ఉంటే వేరే చోటికి తీసుకువెళ్లేదాన్ని.

పాత ఆపరేటర్: బాధాకరమే. కానీ ఆసుపత్రి వేరు, అణుకేంద్రం వేరు.

వానచినుకు: మీకు మనుషులకన్నా ప్రకటనలోని వాక్యాలే ఎక్కువా?

పాత ఆపరేటర్: ఆ మాట అనకండి. ఇరవై రెండేళ్లు విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టులు చేసినవాణ్ని. ఒకసారి మా కుర్రవాడొకడు వైరస్ ఉన్న పెన్‌డ్రైవు పెట్టి, తానే వచ్చి చెప్పాడు. సంగతి పత్రికకెక్కింది. అతణ్ని సస్పెండ్ చేశారు. ఆ తరువాత మా షిఫ్టులో తప్పు జరిగిందని ఎవరూ నోరు విప్పలేదు. బయటికి చెప్పాలంటే నా భయం అది.

గోదావరి గట్టు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అతణ్ని శిక్షించింది పత్రిక కాదు, మీ అధికారులు. దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022లో నిబంధన వచ్చింది, ప్రజలకు చెప్పాలని మాత్రం అందులో లేదు. 2023లో ఆ సంస్థను సమాచార హక్కు చట్టం నుంచే మినహాయించారు. ఇక మనం ఎవరిని అడగాలి?

పాత ఆపరేటర్: పేర్లు బయటపెట్టకుండా, మరమ్మతు పూర్తయ్యాక చెబితే ఒప్పుకుంటాను.

వానచినుకు: అది పూర్తయ్యేదాకా మంచం మీద ఉన్నవాళ్లకు ఏమని చెప్పాలండీ?