అప్‌డేట్: లైకా అంతరిక్షంలో ఎంతసేపు బతికింది?

సోవియట్ యూనియన్ అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా వారం రోజులు బతికిందని ఒకచోట, కొన్ని గంటలే అని మరోచోట చదివి, ఏది నిజమని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కొన్ని గంటలే అన్నది నిజం.

1957 నవంబర్ 3న లైకాతో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్-2 బయలుదేరింది. పైకి లేస్తున్నప్పుడు లైకా గుండె వేగం రెట్టింపు దాటింది. భారరహిత స్థితిలోకి వెళ్లాక అది మామూలు స్థాయికి రావడానికి సుమారు మూడు గంటలు పట్టింది. ఈలోగా ఉష్ణ నియంత్రణ దెబ్బతిని లైకా ఉన్న గది వేడెక్కిపోయింది. ఐదు నుంచి ఏడు గంటల్లోపే లైకా ప్రాణం పోయింది. ఈ సంగతి 2002లో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో రష్యా శాస్త్రవేత్త దిమిత్రి మలషెంకోవ్ చెప్పేదాకా బయటికి రాలేదు. నలభై అయిదేళ్లు దాచడం నాకు మింగుడు పడలేదు. అసలు దాన్ని తిరిగి దించే ఏర్పాటే ఆ ఉపగ్రహంలో లేదు!

ప్రయోగానికి ముందు, లైకాను సిద్ధం చేసిన బృందంలోని శాస్త్రవేత్త వ్లదీమిర్ యజ్దోవ్‌స్కీ దాన్ని ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చారట. ఇది చదివాక చాలాసేపు మనసు కుదుటపడలేదు. ఆ బృందంలోనే ఉన్న ఒలెగ్ గజెంకో, ఆ కుక్క చావుకు తగినంత విషయం మేము నేర్చుకోలేదని 1998లో బాధపడ్డారు. నేనూ అదే అంటాను.

తర్వాత అంతరిక్షంలోకి వెళ్లిన సోవియట్ కుక్కలు బెల్కా, స్త్రెల్కాల గురించి చెప్పినవారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. 1960 ఆగస్టులో ఆ రెండూ ఎలుకలతో సహా ఒక రోజు కక్ష్యలో తిరిగి క్షేమంగా నేలకు చేరాయి. స్త్రెల్కాకు తర్వాత ఆరు పిల్లలు పుట్టాయి. వాటిలో పుషింకా 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంటికి చేరింది.