విజయనగరం: టిడ్కో ఇంటికి ఆగాలా, బయట ఫ్లాట్ కొనేయాలా?

ధర్మపురి అద్దెవాసి: నేను బట్టల షాపులో, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో. ఇద్దరిదీ కలిపి నెలకి 42 వేలు. అయ్యన్నపేట వైపు పాత టూ బీహెచ్‌కే ఒకటి 24 లక్షలు చెబుతున్నారు. మా మావయ్యేమో "సర్కారు పట్టణ పేదలకి కట్టించే టిడ్కో ఇల్లు చూసుకోరా, అంత అప్పెందుకు" అంటున్నారు. రెండు రకాల ఇళ్లలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మూడో అంతస్తు: మాది 365 అడుగుల టిడ్కో. ఒకే బెడ్‌రూమ్. డబుల్ కాట్ వేశాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. లిఫ్ట్ లేదు, సిలిండర్ భుజం మీదే పైకెక్కాలి. గోడలన్నీ కాంక్రీటు కాబట్టి మేకు దిగదు, డ్రిల్లింగ్ మెషీన్ కావాలి. రేపు గోడ తీసి గది పెద్దది చేసుకుందామన్నా కుదరదు, బరువు మోసేది ఆ గోడలే. అయినా అద్దె బాధ తప్పింది, మాకు అదే చాలు.

పాత్రునివలస: శ్రీకాకుళం నుంచి. మా అమ్మ పేరున 430 అడుగులది వచ్చింది. తాళాలు చేతికి రాకముందే బ్యాంకు వాళ్లు కిస్తీ కట్టమని ఫోన్లు. ఇటు అద్దె, అటు కిస్తీ. ఆ టెన్షన్ చెప్పలేను.

లోన్ సెక్షన్ రిటైర్డ్: అసలు ప్రశ్నే వేరు బాబూ. టిడ్కో ఇళ్లు ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి. మీది 5 లక్షలు దాటింది. ఎవరికో వచ్చిన ఇల్లు అగ్రిమెంటు రాసుకుని కొనమంటారు, ఆ జోలికి పోకండి. ఆ కాగితంతో హక్కు రాదు.

మీకు సర్కారు సాయం బయటి ఇంటి మీదే ఉంది. 2024 సెప్టెంబరులో మొదలైన పీఎం ఆవాస్ పట్టణ 2.0లో వడ్డీ రాయితీ చూడండి. ఇల్లు 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదేళ్లలో లోన్ ఖాతాకి జమచేస్తారు. మీ ఇద్దరి పేర్న, పెళ్లికాని పిల్లల పేర్న దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు.

ధర్మపురి అద్దెవాసి: ఊళ్లో నాన్నగారి పేర్న పెంకుటిల్లు ఉంది, అడ్డం వస్తుందా?

లోన్ సెక్షన్ రిటైర్డ్: ఆయన పేర్న ఉన్నంతవరకు రాదు. అసలు లెక్క చేతిలో డబ్బుది. బ్యాంకు 90 శాతం దాకా ఇచ్చినా మీ వాటా 2.40 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు మరో ఏడున్నర శాతం, అంటే 1.80 లక్షలు. అది లోన్‌లో కలవదు. ఎనిమిదిన్నర వడ్డీకి 20 ఏళ్లయితే కిస్తీ సుమారు 18,700.

మూడో అంతస్తు: బాబోయ్! మా అప్పు మొత్తం కూడా అంత భయపెట్టలేదు.

తోటపాలెం: పాత ఫ్లాటే కదా, జీఎస్టీ ఉండదు. ఈసీ, అదే ఆ ఇంటి మీద తనఖాలు, అమ్మకాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, తీయించారా?

ధర్మపురి అద్దెవాసి: తీశాను. 2019లో ఒక తనఖా కనిపిస్తోంది, తీరినట్టు ఎంట్రీ లేదు. ఓనరేమో ఎప్పుడో కట్టేశామంటున్నారు.

తోటపాలెం: కట్టేస్తే తనఖా విడిపించినట్టు రాసిచ్చే రిలీజ్ డీడ్ చూపించమనండి. అది చూసేదాకా రూపాయి అడ్వాన్సు ఇవ్వొద్దు.