“పొంగు పోసింది”, “నీళ్ళు పోసేశాం”

మా కోనసీమలో పిల్లలకి మీజిల్స్ వస్తే “పొంగు పోసింది” అంటాం. తగ్గాక వేపాకు వేసి కాచిన నీళ్ళు తలకి పోసి, “నీళ్ళు పోసేశాం” అంటాం. జబ్బు మొదలైనా, అయిపోయినా పోయడమే. మీ వైపు ఎలా అంటారు?

అమలాపురంలో ఎమ్మారై చేసే పని నాది. చదువులో ఉన్నట్టుండి వెనకబడి, ఒళ్ళు కుదుపులతో ఉలిక్కిపడే పిల్లల్ని తీసుకొస్తే, “మీజిల్స్ వచ్చిందా?” అని అడుగుతాను. లేదంటారు. “పొంగు పోసిందా?” అంటే మాత్రం, “ఏడాది పిల్లాడప్పుడు పోసిందండి. నీళ్ళు పోసేశాం కదా!” అంటారు. వాళ్ళ లెక్కలో అది ఆరోజే అయిపోయింది. అరుదుగా కొందరిలో ఆ వైరస్ మెదడులో ఉండిపోయి, ఎక్కువగా 6 నుంచి 10 ఏళ్ళ తర్వాత ఎస్‌ఎస్‌పీఈ అనే, మెదడుని మెల్లగా దెబ్బతీసే జబ్బుగా బయటపడుతుంది. రెండేళ్ళలోపు పొంగు పోసినవాళ్ళకి ముప్పు ఎక్కువ. అందుకే ఈ మాట దగ్గర నాకింత పట్టుదల.

భీమవరం నుంచి:
మా ఇంట్లో “తట్టు” అంటారు. పొంగన్నా తెలుస్తుంది. ఆటలమ్మ వేరు. కానీ “అమ్మవారు” అని రెంటికీ అనేస్తారు, కాబట్టి ఆ మాటొక్కటీ నమ్మకండి. సన్నటి ఎర్ర దద్దుర్లా, నీటి పొక్కులా అని కూడా అడగండి.

రాజోలు నుంచి:
మా బంధువుల అబ్బాయికి మొదటి ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. మరి ఈ జబ్బని ఎలా అంటున్నారు?

అమలాపురం నుంచి:
మొదట్లో స్కాన్ మామూలుగానే ఉండొచ్చండి. తర్వాత తెల్లటి మచ్చలు కనబడతాయి. తరచుగా మెదడు వెనక భాగాల్లో, పైపొర కింద, రెండు పక్కలా ఒకేలా కాకుండా మొదలై, లోపలికి పాకుతాయి. జబ్బు ముదిరితే మెదడు కుంచించుకుపోతుంది. ఇళ్ళల్లో దాన్ని “మెదడు ఎండిపోయింది” అంటుంటే వినలేను. పైగా స్కాన్‌లో మార్పు ఎంతుందో పిల్లాడి పరిస్థితీ అంతే ఉంటుందని కాదు. అందుకే ఒక్క స్కాన్‌తో తేల్చరు. మెదడులోని విద్యుత్ అలల్ని గీసి చూపించే ఈఈజీ పరీక్షలో కొన్ని సెకన్లకోసారి పెద్ద అలలు వస్తున్నాయా, వెన్నులోంచి తీసిన నీటిలో మీజిల్స్ యాంటీబాడీలు ఎక్కువున్నాయా అని చూస్తారు.

పాలకొల్లు నుంచి:
మీజిల్స్ టీకా సూది వేయిస్తే దానివల్లే ఈ జబ్బు వస్తుందని మా వీధిలో భయపడుతున్నారు.

అమలాపురం నుంచి:
రాదండి. సూది వేయిస్తే పొంగే పోయకుండా ఆపొచ్చు. ఎమ్మార్ (మీజిల్స్, రుబెల్లా) టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. పూర్తిగా నయంచేసే మందు ఈ జబ్బుకి ఇంకా లేదు. దయచేసి రెండు డోసులూ వేయించమని మీ వీధిలో చెప్పండి.