ఏఐ ఏజెంట్ కోసం యూఎఫ్‌డబ్ల్యూ (లైనక్స్ ఫైర్‌వాల్ టూల్) నోట్స్ ఎట్లా రాయాలి?

మిర్యాలగూడ నుంచి: మా రైస్ మిల్లు సర్వర్ ఫైర్‌వాల్ పని ఏజెంట్‌కి అప్పజెప్పితే, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాడే 22వ పోర్టు తెరవకుండానే ఆన్ చేసింది, ఇంక ఎస్ఎస్‌హెచ్ కలవలేదు, రాత్రి 11కి బండేసుకుని మిల్లుకు పోయాను. నోట్స్‌లో ఏం రాయాలన్నా?

మహబూబ్‌నగర్ నుంచి: "జాగ్రత్త" అని రాస్తే దానికేం అర్థం కాదు తమ్ముడూ. వరుస రాయి: ముందు ఎస్ఎస్‌హెచ్ అలౌ, తర్వాతే ఎనేబుల్. ప్రతి మార్పుకూ ముందు డ్రై-రన్, అది ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపిస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో ఎనేబుల్ కొడితే సరేనా అని అడిగి ఆగుతుంది కదా, ఏజెంట్ అక్కడ ఇరుక్కుని ఫోర్స్ (ఆ ప్రశ్న అడగకుండా చేసే ఆప్షన్) పెట్టేస్తుంది. మనిషి ఒప్పుకుంటేనే ఫోర్స్ అని రాయి.

దేవరకొండ నుంచి: నంబర్‌తో రూల్ తీసేటప్పుడు కూడా టెన్షనే. 3 తీసేస్తే పాత 4 వచ్చి 3 అవుతుంది. ప్రతిసారీ లిస్టు మళ్లీ చూడమనండి.

మిర్యాలగూడ: నంబర్ల సంగతి తట్టనే లేదన్నా, ఇప్పుడే రాస్తున్నా.