చెక్కని నీలిపచ్చగా మార్చే చిన్న కప్పు ఫంగస్: క్లోరోసిబోరియానా, క్లోరోస్ప్లీనియమా?

తడిచెక్క:
బెరడు ఊడిపోయిన పాత కొమ్మ మీద నాలుగైదు మిల్లీమీటర్ల నీలిపచ్చ కప్పులు దొరికాయండి, కింద చెక్క కూడా లోపలిదాకా అదే రంగు, గోటితో గీకినా పోవట్లేదు. పాత పుస్తకంలో క్లోరోస్ప్లీనియం అని ఉంది, కొత్తదాంట్లో క్లోరోసిబోరియా, ఫ్యామిలీ కూడా ఒకచోట హెలోషియేసీ ఇంకోచోట క్లోరోసిబోరియేసీ. ఏది రాసుకోవాలి?

నూగుబీజం:
క్లోరోసిబోరియానే. మొదట్లో వీటిని క్లోరోస్ప్లీనియంలోనే కలిపేసేవాళ్ళు, కానీ ఆ జీనస్‌కి (దగ్గరి జాతుల గుంపుకి) ఆధారమైన జాతి క్లోరా, అది పసుపు కప్పు, చెక్కకి ఇలా రంగు పట్టించదు. 1936లో సీవర్ అనే ఫంగస్ శాస్త్రవేత్త క్లోరోసిబోరియా అని వేరు చేశాడు గానీ పేర్లు పెట్టడానికి అప్పట్లో ఉన్న రూల్ ప్రకారం లాటిన్ వర్ణన ఇవ్వలేదు కాబట్టి ఆ పేరు చెల్లలేదు, తర్వాత 1958లో రామమూర్తి, కోర్ఫ్, బాత్రా కలిసి దాన్ని సరిచేశారు. మన పేర్లు అక్కడ కనపడితే భలే సంతోషంగా ఉంటుంది నాకు. ఫ్యామిలీ మాత్రం 2015లో విడిగా పెట్టారు, ఆర్డర్ (ఫ్యామిలీకి పైమెట్టు) ఎప్పట్లాగే హెలోషియేల్స్.

అడవిబాట:
చెక్కకి పట్టిన ఆ రంగు జైలిండీన్ అనే పిగ్మెంట్, మైసీలియం, అంటే చెక్కలో పాకే ఫంగస్ దారాలు, వదిలేది, అందుకే కప్పులు లేకపోయినా పచ్చబడ్డ చెక్క చూసి జీనస్ దాకా చెప్పొచ్చు. జాతి పేరు మాత్రం రంగు చూసి పెట్టేయకండి, ఒక్క న్యూజిలాండ్‌లోనే 2005లో 15 జాతులు తేల్చారు, అందులో 13 కొత్తవి! మైక్రోస్కోప్ ఉంటే స్పోర్స్ (ఫంగస్ విత్తనాల్లాంటివి) కొలవండి, కప్పు బయటివైపు నూగు నున్నగా ఉందా గరుకుగా ఉందా అదీ చూడండి. మామూలుగా చెప్పుకునే రెండు జాతుల్లో ఏరుజినాసెన్స్‌కి స్పోర్స్ చిన్నవి, నూగు నున్నగా ఉంటుంది, ఏరుజినోసాకి స్పోర్స్ పెద్దవి, నూగు గరుకు.

తడిచెక్క:
ఇప్పుడే ఒక కప్పుని నీళ్ళలో నలిపి చూశా, స్పోర్స్ 6 నుంచి 7 మైక్రాన్ల పొడవు, 1.5 వెడల్పు, నూగు నున్నగానే ఉంది. కానీ కాడ నడిమధ్యలో ఉంది, ఏరుజినాసెన్స్‌కి పక్కకి ఉంటుందని చదివానే?

అడవిబాట:
కాడ సంగతి వదిలేయండి, ఒకే చెక్క మీద రెండు రకాలుగానూ మొలుస్తాయి. అంత చిన్న స్పోర్స్, నున్నటి నూగు అంటే ఏరుజినాసెన్స్ వైపే, అయినా ఇంకో రెండు మూడు కప్పుల్లో ఒక ఇరవై స్పోర్స్ కొలిచి రాసిపెట్టుకోండి.