మోజెల్ లోయలో మోటార్‌హోమ్, సైకిళ్ళతో ఐదు రోజులు: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మేం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు. సెప్టెంబర్ మూడో వారంలో మోటార్‌హోమ్ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుని వాళ్ళకు ఇక్కడి మోజెల్ నది లోయ చూపిద్దామని ఉంది. మేమిద్దరం, పదేళ్ళ పాప, వాళ్ళిద్దరూ, మొత్తం ఐదుగురం. నాన్నకు 68 ఏళ్ళు, ఇప్పటికీ సైకిల్ మీదే మార్కెట్‌కి వెళ్తారు. అమ్మకు సైకిల్ రాదు, గుడ్డు కూడా తినదు.

ట్రియర్‌లో మొదలుపెట్టి పీస్‌పోర్ట్, బెర్న్‌కాస్టెల్, త్సెల్, కోకెమ్ మీదుగా కోబ్లెంజ్ దాకా వెళ్ళాలని ప్లాన్. రోజుకో ఊళ్ళో బస. కుదురుతుందా? సైకిళ్ళు ఇక్కడి నుంచే మోసుకెళ్ళాలా? మేం తొక్కుతుంటే అమ్మ ఒక్కతే బండిలో కూర్చోవాల్సి వస్తుందేమోనని అదే టెన్షన్‌గా ఉంది.

సైకిల్ మావయ్య:
రోజుకో ఊరు వద్దండి. నేను ఈ లోయకు నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి మేమూ అదే చేశాం. పొద్దున్నే కుర్చీలు మడవాలి, వాడిన నీళ్ళు పారబొయ్యాలి, టాయ్‌లెట్ పెట్టె శుభ్రం చెయ్యాలి, సైకిళ్ళు వెనక స్టాండుకి బిగించాలి, లోపల అల్మారాలన్నీ గడియ పడ్డాయో లేదో చూసుకోవాలి. గంటన్నర అక్కడే పోతుంది. తీరా పక్క ఊరికి వెళ్ళేసరికి నది ఒడ్డున జాగాలన్నీ నిండిపోయి ఉంటాయి.

ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి నది వెంట దాదాపు 200 కిలోమీటర్లు. నది అంత మెలికలు తిరుగుతుంది కాబట్టి బండిలో వెళ్తే మలుపులు లెక్కపెట్టడంతోనే సరిపోతుంది. రెండే రెండు మకాములు పెట్టుకోండి. మొదటిది బెర్న్‌కాస్టెల్ చుట్టుపక్కల, రెండోది కోకెమ్ చుట్టుపక్కల. బండి అక్కడ ఆపేసి, మిగతాదంతా సైకిల్ మీద.

దిగడానికి క్యాంపింగ్‌లే కాకుండా ష్టెల్‌ప్లాట్జ్ అని మోటార్‌హోమ్‌లు ఆపుకునే స్థలాలు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. చాలాచోట్ల ముందుగా బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్ళదే జాగా. పదకొండు లోపల చేరుకోండి, రాత్రి ఉన్నవాళ్ళు ఖాళీ చేసే వేళ అది. కొన్నిచోట్ల సాయంత్రం మనిషి వచ్చి డబ్బు తీసుకుంటారు. కరెంటుకీ నీళ్ళకీ మెషీన్‌లో నాణేలు వెయ్యాలి, కాబట్టి 50 సెంట్లు, 1 యూరో బిళ్ళలు ఒక డబ్బా నిండా పెట్టుకోండి.

దారి గురించి మీ నాన్నగారికి ధైర్యం చెప్పండి. పూర్తిగా చదును. జర్మనీ, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ 1956లో ఒప్పందం చేసుకుని ఈ నదికి వరసగా ఆనకట్టలు, లాకులు కట్టాయి. 1964లో పెద్ద పడవలకు తెరిచారు. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా అలాంటివి పది. రెండు లాకుల మధ్య నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి, ఒడ్డున దారీ అలాగే ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే, కొన్నిచోట్ల సైకిల్ దారి పెద్ద రోడ్డు పక్కనే పోతుంది, కార్ల హోరు. అలాంటప్పుడు వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోండి.

కోబ్లెంజ్ కోడలు:
మీ అమ్మగారి సంగతికి నా దగ్గర ఉపాయం ఉంది. మా అత్తగారు వచ్చినప్పుడు ఇదే చేశాం.

కోకెమ్‌లో మీలో ముగ్గురు సైకిళ్ళతో రైలెక్కండి. ఊరు దాటగానే రైలు 4.2 కిలోమీటర్ల సొరంగంలోకి వెళ్ళి, కొండ అవతల ఎడిగర్-ఎల్లర్‌లో తేలుతుంది. నిమిషాల పని. అదే నది మాత్రం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చుట్టు తిరిగి కోకెమ్‌కి వస్తుంది. ఎల్లర్‌లో దిగి ఆ చుట్టంతా నది వెంట తొక్కుకుంటూ వెనక్కి రండి. జెన్‌హైమ్ వంతెన దగ్గర కుడి ఒడ్డుకు మారితే దారిలో బైల్‌స్టైన్ వస్తుంది. నాలుగు సందులు, పైన కోట శిథిలం, ఊరంతా అంతే. ఈ లోయలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఆ వేళకు అమ్మగారిని, తోడుగా ఒకరిని, కోకెమ్ నుంచి బైల్‌స్టైన్‌కి పడవ ఎక్కించండి. ఆ పడవ మధ్యలో ఫాంకెల్ లాకులోంచి వెళ్తుంది. వెనక గేటు మూసుకుంటుంది, నీళ్ళు నిండుతుంటే తడి గోడల మధ్య పడవ నెమ్మదిగా పైకి లేస్తుంది, గోడ అంచు కళ్ళ ముందుకు వస్తుంది, ముందు గేటు తెరుచుకుంటుంది. గోదావరి కాలువల లాకులు చూసి పెరిగినవాళ్ళకు అదేమిటో చెప్పక్కర్లేదు. మా అత్తగారు ఆ పది పదిహేను నిమిషాలూ రెయిలింగ్ వదల్లేదు. అందరూ బైల్‌స్టైన్‌లో కలుసుకుని భోజనం చెయ్యండి.

ఇంకో మాట. రైలు మార్గం లోయ పొడుగునా లేదు. కోబ్లెంజ్ నుంచి బుల్లాయ్ దాకా నదిని పట్టుకుని వస్తుంది, అక్కడి నుంచి నదిని వదిలేసి విట్‌లిఖ్ మీదుగా ట్రియర్ వెళ్ళిపోతుంది. బుల్లాయ్ నుంచి ట్రాబెన్-ట్రార్‌బాఖ్‌కి ఒక చిన్న లైను ఉంది, అంతే. బెర్న్‌కాస్టెల్ వైపు అలసిపోతే రైలు దొరకదు, బస్సే. నాన్నగారితో వెళ్ళే రోజు ఎంత దూరం తొక్కాలో ఇది చూసుకుని అనుకోండి.

బుల్లాయ్ వంతెన ఆయనకు తప్పక చూపించండి. మన రాజమండ్రి రోడ్ కమ్ రైల్ వంతెన మీద పైన బస్సులు, కింద రైళ్ళు కదా. ఇక్కడ తిరగేసి ఉంటుంది: పైన రైలు, కింద రోడ్డు. మొదట 1870లలో కట్టింది.

ఓరుగల్లు రైడర్:
అన్నా, సైకిళ్ళు అక్కడే అద్దెకు తీసుకోండి. బెర్న్‌కాస్టెల్‌లో, కోకెమ్‌లో దొరుకుతాయి. మామూలు కారు లైసెన్సుతో నడిపే మోటార్‌హోమ్ మొత్తం బరువు 3.5 టన్నులు దాటకూడదు. బండి బరువే మూడు టన్నుల దగ్గర ఉంటుంది. ఐదుగురు మనుషులు, నీళ్ళ ట్యాంకు, గ్యాస్, బియ్యం సంచులు, ఆపైన ఒక్కోటి పాతిక కిలోల ఈ-బైకులు! లెక్క దాటిపోతుంది. ఐదు పడకలు ఉన్నంత మాత్రాన ఐదు బెల్టు సీట్లు ఉంటాయని కూడా అనుకోవద్దు, బుక్ చేసే ముందే అడగండి.

బెర్న్‌కాస్టెల్‌లో ఉన్న రోజు ఒకటి మాత్రం వదలొద్దు. అక్కడి నుంచి సైకిళ్ళ ట్రైలర్ ఉన్న బస్సు ఐఫెల్ కొండల మీద డౌన్ అనే ఊరికి వెళ్తుంది. అక్కడి నుంచి పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ దారి, 58 కిలోమీటర్లు, సొరంగాలు, రాళ్ళ వంతెనలు, ఎక్కువ భాగం దిగుడు. పాప చిన్నది కాబట్టి మధ్యలో విట్‌లిఖ్ దగ్గర ఆగిపోయినా తప్పులేదు. బస్సులో సైకిల్‌కి సీటు ముందే రిజర్వ్ చేసుకోండి. మేం చేసుకోలేదు, మా కళ్ళ ముందే రెండు బస్సులు నిండిపోయి వెళ్ళిపోయాయి.

పలకరాయి:
వైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. నేను తాగేది తక్కువ, కానీ అది పండే తీరు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. బ్రెమ్ దగ్గర కాల్‌మాంట్ అనే కొండ ఉంది. వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలట, యూరప్‌లో అంత నిటారు తోట ఇంకొకటి లేదంటారు. అవతలి ఒడ్డున ష్టూబెన్ మఠం శిథిలాల దగ్గర సైకిల్ ఆపి చూడండి. మేం వెళ్ళింది కోతల వేళ. గోడకు నిచ్చెన వేసినట్టు నిలువునా పోయే ఒంటి పట్టా మీద చిన్న బండి ద్రాక్ష పెట్టెలు మోసుకుని పాక్కుంటూ దిగుతోంది. మనుషులు ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి పెట్టి వంగి గుత్తులు కోస్తున్నారు. నేలంతా నల్లటి పలకరాయి ముక్కలు, చిన్నప్పుడు మనం బలపంతో రాసిన పలక రాయే. పగలు ఎండను పట్టుకుని రాత్రి వేడి వదులుతుంది, ఇంత ఉత్తరాన రీస్లింగ్ అనే వైన్ ద్రాక్ష పండడానికి అదొక కారణం. దయచేసి దారి పక్కన వేలాడుతున్నాయి కదా అని గుత్తులు తెంపకండి, పాపకు కూడా చెప్పండి. అది ఒకరి ఏడాది కష్టం.

సెప్టెంబర్‌లో ఫెడర్‌వైసర్ దొరుకుతుంది, ఇంకా పులుస్తున్న కొత్త ద్రాక్షరసం. మన కల్లులాగే పొద్దున ఒక రుచి, సాయంత్రానికి ఒక రుచి. గ్యాస్ పోవాలని దాని మూత వదులుగానే ఉంచుతారు. ఆ సంగతి తెలియక నేను బాటిల్‌ని అల్మారాలో పడుకోబెట్టాను. రెండు మలుపులు తిరిగేసరికి పరుపు, దుప్పట్లు, పాప పుస్తకాలు అన్నీ తడిసిపోయాయి. నిలబెట్టే పెట్టాలి.

ఇంటి గుమ్మానికి చీపురో ఆకుల దండో కట్టి ఉంటే అది ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్, రైతే తన వైన్‌ని తన ఇంట్లో పోసే చోటు. ఏడాదికి నాలుగు నెలలు మించి తెరవకూడదు, 40 సీట్లు మించకూడదు. హోటళ్ళకంటే అక్కడే కూర్చోండి.

డ్రైవర్‌కి రక్తంలో ఆల్కహాల్ వెయ్యి వంతుల్లో 0.5 పరిమితి. కానీ లైసెన్సు ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు, 21 ఏళ్ళ లోపువాళ్ళకు సున్నా. సైకిల్‌కి 1.6 అని విని చాలామంది ధీమాగా ఉంటారు. తూలుతూ తొక్కినా, ఏదైనా ప్రమాదం జరిగినా 0.3 నుంచే కేసు అవుతుంది.

మెంతికూర:
అమ్మగారి తిండి గురించి. ఫెడర్‌వైసర్‌తో పాటు పెట్టే ఉల్లిపాయ కేకులో గుడ్డు ఉంటుంది, చాలాసార్లు పంది మాంసం ముక్కలూ ఉంటాయి. చూడ్డానికి శాకాహారంలా కనిపిస్తుంది, మోసపోవద్దు. ద్రాక్షతోటల్లో పండే ఎర్ర పీచ్‌లతో చేసే జామ్ బావుంటుంది, బ్రెడ్డుకి అది చాలు. ఆమెకు వైన్ బదులు ట్రౌబెన్‌జాఫ్ట్ అడగండి, ద్రాక్షరసం.

అన్నం బండిలోనే వండుకోండి. ఒక జాగ్రత్త: కొన్ని ష్టెల్‌ప్లాట్జ్‌లలో కరెంటు 6 ఆంపియర్లే. అంటే 1400 వాట్ల లోపు. రైస్ కుక్కర్ పెట్టి పక్కనే కెటిల్ వేస్తే ఫ్యూజ్ పోతుంది, రాత్రిపూట దాన్ని మళ్ళీ వేసేవాళ్ళుండరు. పోపు మాత్రం బయట చిన్న గ్యాస్ పొయ్యి మీద పెట్టండి. మేం లోపల ఇంగువ పోపు పెట్టాం, సీట్లకు వాసన పట్టిందని అద్దెకిచ్చినవాళ్ళు డిపాజిట్‌లోంచి శుభ్రం చేసే ఖర్చు కోసుకున్నారు. పులిహోర పులుసు, కందిపొడి ఇంటి నుంచే చేసుకెళ్ళడం మేలు.

సైకిల్ మావయ్య:
ఒకటి మర్చిపోయాను. నది ఒడ్డున నిద్రపోయే ముందు నీటిమట్టం చూసుకోండి, మైనె పేగెల్ అని యాప్ ఉంది. ఊళ్ళలో పాత గోడల మీద వరద గీతలు కనిపిస్తాయి. 1993 డిసెంబర్ గీత దగ్గర నిలబడితే మన తల మీద ఎంత ఎత్తున నీళ్ళున్నాయో తెలుస్తుంది. సెప్టెంబర్‌లో సాధారణంగా భయం లేదు. 2024 మేలో మాత్రం పక్క రాష్ట్రం సార్లాండ్‌లో పడ్డ వానలకు నది పెరిగింది, మమ్మల్ని రాత్రి పదింటికి లేపి బండ్లు తీయించారు. అప్పటినుంచి బండి ముఖం రోడ్డు వైపు తిప్పే ఆపుతున్నాను.

గోదారిగట్టు:
నిన్న రాత్రి తిరిగొచ్చాం. అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ట్రియర్‌లో ఒక పూట ఆగి పోర్టా నిగ్రా అనే రోమన్ల కాలపు కోట ద్వారం చూసి, మీరు చెప్పినట్టే రెండు మకాములే పెట్టాం. కోకెమ్‌లో మంగళవారం పదిన్నరకు చేరితే మూడు జాగాలు ఖాళీగా ఉన్నాయి, పన్నెండుకి ఒక్కటీ లేదు.

ఎల్ట్స్ కోటకు కూడా వెళ్ళాం. పార్కింగ్ నుంచి కోట దాకా చిన్న బస్సు నడుస్తుంది కాబట్టి అమ్మ నడవక్కర్లేకపోయింది. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉందంటే నమ్మలేదు, గైడ్‌ని పాప చేత రెండుసార్లు అడిగించింది.

నాన్న ఎల్లర్ నుంచి కోకెమ్ దాకా మొత్తం తొక్కారు, రెండుచోట్ల ఆగారంతే. బుల్లాయ్ వంతెన కింద అరగంట కూర్చుని, రైలు వెళ్ళేదాకా లేవలేదు. 1974లో మన వంతెన మొదలైనప్పుడు తను కాలేజీ కుర్రాడినని, స్నేహితులతో కొవ్వూరు దాకా నడిచి వెళ్ళానని చెప్పారు. ఆ మాట మాకెవరికీ ఇన్నాళ్ళూ చెప్పలేదు.

అమ్మ లాకు కోసమని మర్నాడు మళ్ళీ పడవ ఎక్కింది, ఈసారి అందరం వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో ఫెడర్‌వైసర్ బాటిల్‌ని నాన్న ఫ్రాంక్‌ఫర్ట్ దాకా రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకున్నారు. ఒక్క చుక్క కూడా కారలేదు.