తాళం పడిన ల్యాప్‌టాప్: బరంపురం కొత్తగా వచ్చిన తమ్ముడికి

అడిగింది: అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. శ్రీకాకుళం నుంచి ఎమ్మెస్సీకి ఈ మధ్యే ఒడిశాలోని బరంపురం యూనివర్సిటీకి, అదే భంజ విహార్‌కు వచ్చాను. బరంపురంలో ఒక షాపులో పాత ల్యాప్‌టాప్ కొన్నాను. మొదట బాగానే నడిచింది. అన్నీ చెరిపేసి విండోస్ కొత్తగా వేసుకుంటే, నెట్ కలపగానే ఏదో కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ ఈమెయిలు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇంకో పద్దెనిమిది వందలిస్తే తీయిస్తానంటున్నాడు షాపతను. ఇవ్వమంటారా?

బరంపురం నుంచి: ఒక్క రూపాయి కూడా ఇవ్వకు తమ్ముడూ. అది హార్డ్ డిస్కులో ఉన్న తాళం కాదు, డిస్కు మార్చినా పోదు. పెద్ద కంపెనీలు ల్యాప్‌టాపులు టోకున కొన్నప్పుడు ఒక్కో యంత్రం గుర్తింపును మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేయిస్తాయి. దీన్ని ఆటోపైలట్ అంటారు. విండోస్ కొత్తగా వేసి నెట్ కలిపితే చాలు, యంత్రం తన యజమాని ఎవరో అక్కడ అడిగి తెలుసుకుంటుంది. షాపతను తీయిస్తానంటున్నది బహుశా నెట్ లేకుండా విండోస్ ఎక్కించడమే. మైక్రోసాఫ్ట్ జాబితాలో కంపెనీ పేరు అలాగే ఉంటుంది. రేపు ఎప్పుడైనా రీసెట్ చేస్తే మళ్లీ ఇదే తెర, మళ్లీ ఇదే బేరం.

పేరు తీయగలిగింది ఆ కంపెనీ ఐటీ విభాగమే. కంపెనీ పాత సరుకు సక్రమంగానే అమ్మి, జాబితాలోంచి తీయడం మరిచిపోయి ఉండవచ్చు. అలా జరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు షాపతను తనకు అమ్మిన డీలరును, ఆ డీలరు కంపెనీని అడిగితే పని తేలికగా అయిపోతుంది. అడుగున స్టిక్కరు మీద ఉన్న సీరియల్ నంబరు ఇస్తే చాలు. అందుకని షాపులో ఒకటే అడుగు: ‘ఇది మీకు ఎవరు అమ్మారు?’ సూటిగా చెబితే కొన్నాళ్లు ఆగవచ్చు. నీళ్లు నమిలితే డబ్బు వెనక్కి అడగడమే.

దొంగ సరుకేమోనన్న అనుమానం వస్తే ఉంచుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం, దొంగ సొత్తని తెలిసి ఉంచుకుంటే మూడేళ్ల దాకా జైలు. తెలియక కొన్నవాడి సంగతి వేరు, తెలిశాక దాచుకున్నవాడి సంగతి వేరు.

రాయగడ నుంచి: బాబూ, తాళాలన్నీ ఒకటి కావు. నీలం తెర మీద 48 అంకెల కీ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. సాధారణంగా ఆ కీ పాత యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. అతని ఫైళ్లతో నీకు పనేముంది, చెరిపేసి కొత్తగా వేసుకోవచ్చు. విండోస్ రాకముందే నల్లతెర మీద పాస్‌వర్డ్ అడిగితే మాత్రం అది బయోస్ తాళం, అంటే విండోస్ కంటే ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రాముకు వేసినది. లోపలి బిళ్ల బ్యాటరీ పీకితే పోతుందని ఇక్కడి మెకానిక్కులు ఇప్పటికీ చెబుతారు. పాత డెస్క్‌టాపుల్లో పోయేది, ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి అది వేరే చిప్పులో ఉంటుంది. యాపిల్ వాటికి యాక్టివేషన్ లాక్, అంటే యజమాని ఖాతాతో ముడిపడిన తాళం పడితే, పాత యజమాని తన ఐక్లౌడ్ ఖాతాలోంచి దూరం నుంచే తీసేయగలడు. ఇంతకీ బిల్లు ఉందా?

అడిగింది: లేదక్కా. చిన్న కాగితం మీద ధర రాసిచ్చాడు. డబ్బు ఫోన్‌పేలో పంపాను. గట్టిగా అడుగుదామంటే నాకు ఒడియా రాదు.

బరంపురం నుంచి: అమ్మేటప్పుడు తెలుగులోనే మాట్లాడి ఉంటాడుగా? ఇక్కడ సగం బజారుకు తెలుగు వచ్చు. డబ్బు వెనక్కి అడిగినప్పుడే కొందరికి ఒడియా తప్ప ఏదీ రాదు. ఫోన్‌పే చెల్లింపు వివరం, ఆ కాగితం, కంపెనీ పేరు కనిపిస్తున్న తెర ఫోటో భద్రంగా ఉంచు. యంత్రం మాత్రం అతని చేతికి వదిలిపెట్టి రాకు. వదలక తప్పకపోతే సీరియల్ నంబరు, తేదీ రాయించుకుని షాపు ముద్ర వేయించుకో.

డబ్బు వచ్చి ఇంకొకటి కొనేటప్పుడు షాపులోనే, అతని ఎదుటే రీసెట్ చేయించు. గంట పట్టినా కూర్చో. నీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలుపు. ఎవరి ఈమెయిలూ అడగకుండా నీ పేరుతో తెరుచుకున్నాకే డబ్బు పంపు. సీరియల్ నంబరున్న బిల్లు ఇవ్వనంటే ఎంత చవకైనా వద్దు.

ఆదివారం సాయంత్రం పాత బస్టాండ్ దగ్గరికి రా, కలిసి షాపుకు వెళదాం. ఛార్జరు మరిచిపోకు.